దోమల కోసం కట్టిన తెర

ఏ ఇంటికి వెళ్ళినా ఆవిడ ముందు మనుషుల్ని చూసేవారు కాదు. నీళ్ళు ఎక్కడున్నాయో చూసేవారు. పూలకుండీ కింద పళ్ళెం, ఏసీ నుంచి కారే బొట్టు కింద పెట్టిన బకెట్టు, మేడ మీద మూత సరిగ్గా పట్టని ట్యాంకు, వీటన్నిటినీ పలకరించాకే మనిషిని పలకరించడం. మొదట్లో నాకది పొగరులా అనిపించింది. తరవాత మతిమరుపేమో అనుకున్నాను. ఏమనుకోవాలో నేను ఒక నిశ్చయానికి రాకముందే ఆవిడ వెళ్ళిపోయారు.

సంగతి చెప్పినవాడు రాజన్న. ఆవిడ తిరిగే బండి నడిపినవాడు. కరీంనగర్ దిక్కు మనిషి, ఇక్కడ బహ్రెయిన్‌లో, తుబ్లీలో మేముండే బిల్డింగులోనే కింద గదిలో ఉంటాడు. పొద్దున్న పాల ప్యాకెట్టు కోసం మూల మీది కొట్టుకు వెళితే, కొట్టు ముందర ఫోను చూసుకుంటూ నిలబడి ఉన్నాడు.

"అక్కా, డాక్టరమ్మ లేదట," అన్నాడు.

"ఎక్కడ లేదు?" అన్నాను. రిఫాలో ఆవిడ ఉండే ఫ్లాటు ఖాళీ చేసి వెళ్ళి చాలా కాలమైంది కదా, ఇదేం మాట అనుకున్నాను.

"యాడ లేదంటవేందక్కా? సచ్చిపోయిందట. ఆఫీసోళ్లు మెసేజి వెట్టిన్రు."

"ఎలాగ?"

"గదేం రాయలే. ఆళ్ల దేశంల, ఇంట్లనే అన్నరు. గంతే."

పాలు కొనకుండానే మెట్లెక్కి వచ్చేశాను. ఏడుపు రాలేదు. దండం పెట్టుకుందామని దేవుడి పటం ముందు కూర్చుంటే మాట కుదరలేదు. పోయినవారి కోసం పేరూ గోత్రమూ చెప్పుకుంటాం. ఆవిడ పేరు పలకడం నాకెప్పుడూ సరిగ్గా చేతకాలేదు. గోత్రమా, అది ఆవిడకే తెలియదు. ఆవిడ దేవుణ్ణి నమ్మారో లేదో కూడా నాకు తెలియదు. ఈరోజు నా మెడలో పుస్తెలున్నాయంటే ఆవిడ అందుకొక కారణం. తెలిసింది ఆ ఒక్కటే.

డాక్టరమ్మ అని అందరం అనేవాళ్ళం గాని ఆవిడ మందిచ్చే డాక్టరు కారు. దోమల డాక్టరు. దోమలూ, అవి మోసే రోగాలూ, అవి కుట్టే పక్షులూ గబ్బిలాలూ, ఆ పక్షులు వాలే మడ చెట్లూ, ఇదంతా ఒకే చదువట. ఆవిడ సొంత ఊరు మారిషస్. ఆ దీవిలో చేసిన పనే ఈ దీవిలోనూ చేయడానికి ఎవరో పిలిస్తే బహ్రెయిన్ వచ్చారు. వంటకీ శుభ్రానికీ మనిషి కావాలంటే రాజన్న నన్ను తీసుకెళ్ళాడు. దారిలో బండిలోనే జాగ్రత్తలు చెప్పాడు.

"జర పరేషాన్ కాకక్కా. మనిషి బంగారం. గని జర తేడా."

"ఏటి తేడా?"

"నన్ను బావ అంటది."

నేను నవ్వాపుకోలేకపోయాను. అతనికి మాత్రం నవ్వు రాలేదు. "ఆళ్ల తాతల తాతలు మన తెలుగోళ్లేనట. చెరుకుతోటల పనికి ఓడెక్కిపోయిండ్రట. భాష అంత పోయింది, నాలుగు మాటలు మిగిలినయి. అండ్ల ఒకటి బావ. ఫోన్ల నా పెండ్లాముకు గది ఇనవడ్డదనుకో, నన్ను ఊర్ల అడుగు వెట్టనిస్తదా?"

ఆ ఫ్లాటులో వంటగది చూశాను, హాలు చూశాను. మూడో గది తలుపు తీసి అక్కడే నిలబడిపోయాను. గోడ పొడుగునా తెల్లటి వలగుడ్డ పెట్టెలు. ఒక్కొక్క పెట్టె లోపల గుప్పెడేసి దోమలు. మధ్యలో కుర్చీ వేసుకుని పొట్టిగా, నెరిసిన జుట్టు ముడి వేసుకున్న ఒకావిడ. ఎడమ చేయి మోచేతి దాకా ఒక పెట్టెలో ఉంది. కుడి చేత్తో టీ తాగుతున్నారు. లోపలి చేతి మీద దోమలు వరసగా కూర్చుని ఉన్నాయి.

"ఓలమ్మో! అప్పన్నా!" అని నోరు జారింది.

ఆవిడ చేయి కదల్చలేదు. తల మాత్రం తిప్పి, కళ్ళు పెద్దవి చేసి, "అప్పన్న? సింహాద్రి అప్పన్న?" అన్నారు.

మాది విజయనగరం వైపు. మా ఇలవేల్పు ఆయనే. సముద్రాల అవతలి దీవిలో పుట్టినావిడ నోట ఆయన పేరు వినేసరికి ఉన్నదాన్ని ఉన్నట్టే గుమ్మంలోనే కూర్చున్నాను.

ఆవిడ హిందీ, నా హిందీ రెండూ వచ్చీరానివే. వాటితోనే ఆ మాటా ఈ మాటా అతికించి చెప్పుకొచ్చారు. వాళ్ళ అవ్వ ఏడాదికోసారి అప్పన్నకు దీపం పెట్టేదట. ఆ దీపం చుట్టూ వాడలోని వాళ్ళంతా పాడుతూ తిరిగేవారట. చిన్నప్పుడు ఈవిడా తిరిగేవారు. మాటలన్నీ ఇప్పటికీ వచ్చు, ఒక్కదానికీ అర్థం తెలియదు. తరవాతొక రోజు వంటగదిలో గరిట దీపంలా పట్టుకుని ఆ అడుగులు వేసి చూపించారు. ఒక్క అడుగు తప్పలేదు, ఒక్క మాట జారలేదు. కాని ముఖంలో భక్తి ఏదని వెతికితే నాకు కనిపించలేదు. కూరగాయల లెక్క అప్పజెప్పినట్టు ఉంది ఆ ముఖం. నాకు మా నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, ప్రతి పద్యానికీ అర్థం చెప్పి మరీ నేర్పాడు. అర్థం తెలిసీ మనసు ఎటో పోయే నా పూజ దేవుడికి చేరుతుందా, అర్థం తెలియక అడుగు తప్పని ఆవిడ పాట చేరుతుందా అని ఆ రోజు బియ్యం కడుగుతూ చాలాసేపు ఆలోచించాను. తేలలేదు.

ఆ చేయి పెట్టెలో పెట్టడం సంగతి కూడా అడిగాను. "కుడతన్నాయి కదమ్మా?"

"కుట్టాలి. ఇవి తల్లులు. రక్తం తాగకపోతే గుడ్లు పెట్టలేవు."

"మీ రక్తమే ఎందుకమ్మా?"

"ఇంకెవరి రక్తం అడగను? నీది ఇస్తావా?"

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆవిడ పకపకా నవ్వి, చేయి బయటికి తీసుకున్నారు. ఆ తీయడం ఎంత నెమ్మదో! నిద్రపోయిన పసిపిల్ల తల కింద నుంచి తల్లి చేయి తీసుకున్నట్టు, ఒక్క దోమ నలగకుండా. మురిసిపోయాను. మధ్యాహ్నం అయ్యేసరికి అదే మనిషి ఇంకో డబ్బాలోని దోమల్ని ఫ్రిజ్‌లో పెట్టి చంపేశారు. చచ్చాక ఒక్కొక్కదాన్నీ మైక్రోస్కోపు అద్దం కింద పెట్టి రెక్కలు, కాళ్ళు విడదీసి చూశారు. పొద్దున్న తన రక్తం తాగించి పెంచడం, మధ్యాహ్నం చంపడం. ఇది పుణ్యమా, పాపమా? అడగకుండా ఉండలేక అడిగేశాను.

"ఇంకా తెలియదు," అన్నారు.

ఆ మాట ఆవిడ ఊతపదం. వర్షం వస్తుందా అంటే ఇంకా తెలియదు. చారులో ఉప్పు సరిపోయిందా అంటే ఇంకా తెలియదు, మరో రెండు చెంచాలు తాగాక చెబుతాను. అంత చదువుకున్న మనిషి ఏది అడిగినా తెలియదంటుంటే నాకు మొదట కంగారేసేది. దేవుడున్నాడా అని కూడా ఒకసారి ఉల్లిపాయలు ఒలుస్తూ అడిగాను. ఈసారి ‘ఇంకా’ అన్న మాట కూడా లేదు. నా వంక చూసి, "నువ్వు రోజూ కృతజ్ఞత చెబుతావు కదా, నీకు జవాబు వస్తుందా?" అని ఎదురు అడిగారు.

ఫ్రిజ్ విషయంలో మాత్రం నేను గట్టిగా ఉన్నాను. పై అరలు నావి, కింది అర దోమలది. నైవేద్యానికి పెట్టే పెరుగు పక్కన చచ్చిన దోమల డబ్బా ఏమిటి? ఆవిడ మారు మాటాడకుండా ఒప్పుకున్నారు. ఒకసారి నేనే మరచిపోయి పెరుగు గిన్నె కింద పెడితే, పిలిచి చూపించి, "దీనికి వీసా ఉందా?" అన్నారు.

వారంలో కొన్ని రోజులు తుబ్లీ ఖాడీ దగ్గరికి, ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ దగ్గరికి వెళ్ళేవారు. సామాన్లు పట్టడానికి నేనూ వెళ్ళేదాన్ని. ఆ నీళ్ళ వాసన మాకు అలవాటే. ఒడ్డున మడ చెట్లు, శీతాకాలంలో గులాబీ రంగు కాళ్ళ కొంగలు. మేము రోజూ ఆ పక్కనుంచే బస్సులో పోతాం గాని తల తిప్పి చూసింది లేదు. ఆవిడ బురదలో కూర్చుని వాటి రెట్టలు డబ్బాల్లోకి ఎత్తేవారు. ఎక్కడో దూరదేశంలో ఒక పిట్టను కుట్టిన దోమ, ఇక్కడికొచ్చిన పిట్టను కుట్టే దోమ, మనిషిని కుట్టే దోమ, వీటి మధ్య ఏమి నడుస్తుందో చూడాలట. "పిట్టకు వీసా ఇచ్చే కఫీల్ లేడు కదా, ఎక్కడైనా దిగుతుంది," అనేవారు. ఒకసారి ఆ కొంగల్నే చూస్తూ, "మా దీవిలో ఒక పక్షి ఉండేది. ఇప్పుడు టీ కప్పుల మీద ఉంది. తువ్వాళ్ళ మీద ఉంది. నేలమీద లేదు," అన్నారు. నేను జాలిగా ఏదో అనబోతే, "డబ్బా మూత గట్టిగా పెట్టు," అన్నారు.

మా బిల్డింగుకీ, పక్కనున్న కూలీల క్యాంపుకీ నీళ్ళు చూడటానికి వచ్చేవారు. డాక్టరమ్మ వచ్చిందంటే చాలు, మనవాళ్ళు వరస కట్టేవారు. మోకాలి నొప్పి, నడుం నొప్పి, తిన్నది అరగకపోవడం. "ఈమె దోమల డాక్టరు, మనుషులకు గాదు!" అని రాజన్న మొత్తుకునేవాడు. "మేం దోమల కన్నా హీనమా, అన్నా?" అని వాళ్ళు. ఆవిడ ఎవరినీ పొమ్మనలేదు. బకెట్టు బోర్లించుకుని కూర్చుని అందరి బాధా విని, చివర తల అడ్డంగా ఊపి, "నాకు తెలియదు. ఆసుపత్రికి వెళ్ళండి," అనేవారు. మందూ ఇవ్వలేదు, ఓదార్పు మాటా చెప్పలేదు. అయినా వాళ్ళు తేలికపడ్డ ముఖాలతో వెళ్ళేవారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఇక మా సంగతి.

మా ఆయనది తుబ్లీలోనే ఒక షెడ్డులో వెల్డింగు పని. సెలవు మీద ఊరెళ్ళాడు. మా ఆడపడుచును పాడేరు అవతల కొండల్లో ఇచ్చాం. మేనల్లుడి పెళ్ళికని వెళ్ళి అక్కడే కొన్నాళ్ళు ఉండి వచ్చాడు. తిరిగొచ్చి డ్యూటీలో చేరిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం వణుకుతూ గదికి వచ్చాడు. ఆ ఎండలో రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడాయి. సాయంత్రానికి చెమటలు పోసి ఒళ్ళు చల్లబడింది. మర్నాడు ఏమీ ఎరగనట్టు పనికి వెళ్ళాడు. అప్పన్న దయ అనుకుని పసుపుగుడ్డలో ముడుపు కట్టి కృతజ్ఞత చెప్పుకున్నాను. ఆ మర్నాడు మళ్ళీ వణుకు. నా దండంలో ఏ లోపం జరిగిందో అని తల పట్టుకున్నాను. మర్నాడు మళ్ళీ బాగున్నాడు. మళ్ళీ కృతజ్ఞత. ఇలా రోజు విడిచి రోజు సంతోషం, రోజు విడిచి రోజు నాలో తప్పు వెతుక్కోవడం.

"ఆసుపత్రికి ఎల్దామండి," అంటే వినడు.

"ఒలే, ఊరుకో. ఎండకీ ఏసీకీ మారిన ఒళ్ళు. సల్లగాలి తగిల్తే తగ్గిపోద్ది."

ఊళ్ళో జ్వరమొస్తే ఆరుబయట మంచం వేసుకోవడం మాకు అలవాటు. ఇక్కడ కూడా పొద్దు వాలగానే మా గది ముందున్న మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన చాప వేసుకుని పడుకునేవాడు. అసలు భయం వేరే. అది రాజన్న నోట వచ్చింది. "నెత్తురు పరీక్షల ఏదన్న తేలిందనుకో, అన్‌ఫిట్ అంటరు. ఖలాస్. సీదా టికెట్టు చేతుల వెడ్తరు. మా దిక్కోడు ఒకడు గట్లనే వోయిండు." ఎవడు పోయాడో, ఏ రోగంతో పోయాడో రాజన్నకూ సరిగ్గా తెలియదు. అయినా ఆ మాట మా గదిలో ఐదో గోడలా నిలబడింది. మా ఆయన పని పోతే నా వీసా, నా పని, అన్నీ ఆ వెనకే పోతాయి.

రిఫాలో ఉల్లిపాయలు తరుగుతుంటే ఆవిడ టీ కోసం వంటగదిలోకి వచ్చారు. నా కళ్ళు చూసి, "ఇది ఉల్లిపాయ కాదు," అన్నారు. చెప్పకూడదనుకున్నదంతా చెప్పేశాను.

"ఏ రోజు వచ్చింది? ఏ రోజు రాలేదు?"

నాకు గుర్తున్నది నా పూజలే. కొబ్బరికాయ కొట్టిన రోజు రాలేదు, ఉపవాసం ఉన్న రోజు వచ్చింది, ముడుపు కట్టిన రోజు రాలేదు, అని చెప్పుకుంటూ పోయాను. ఆవిడ చేతిలో కప్పు కింద పెట్టేశారు.

"సాయంత్రం ఎక్కడ పడుకుంటాడు?"

"మేడ మీదమ్మా. ట్యాంకు పక్కన."

ఆవిడ ముఖంలో రంగు మారింది. "ఆసుపత్రికి వెళ్ళాలి. ఈరోజే."

"వద్దమ్మా. పంపించేస్తారు."

"పంపిస్తారో లేదో నాకు తెలియదు. వెళ్ళకపోతే మాత్రం మనిషి దక్కకపోవచ్చు."

"మీరే ఏదైనా మందివ్వండమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నేను మందిచ్చే డాక్టర్ని కాదు." గొంతు కఠినంగా ఉంది. కప్పు పక్కకు జరిపి, "వెళ్ళే దాకా ఒక పని చెయ్యి. చీకటి పడకముందే దోమతెర కట్టు," అన్నారు.

"మంచిదమ్మా. దోమలు ఆయన్ని కుట్టకుండా..."

"అతని కోసం కాదు. దోమల కోసం."

నాకు అర్థం కాలేదు. ఆవిడ వేలు పెట్టి బల్ల మీద గీస్తూ చెప్పారు. మీ ట్యాంకులో మలేరియా మోయగల జాతి దోమలున్నాయి, నేనే పట్టాను. వాటిలో రోగం లేదు. శుభ్రంగా ఉన్నాయి. నీ భర్త ఒంట్లో కొండల నుంచి తెచ్చుకున్న మలేరియా ఉంటే, అతన్ని కుట్టిన దోమకు అది వస్తుంది. ఆ దోమ కింద గదుల్లో ఉన్న అందరికీ ఇస్తుంది.

అర్థమయ్యాక ఒళ్ళు మండింది. అంటే ఏమిటి? దోమలు మడి కట్టుకుని ఉన్నాయి, నా మొగుడు మైల! చావుకీ పురుటికీ దూరం పెట్టినట్టు, దోమకు కూడా తగలకుండా నా మనిషిని దూరం పెట్టమంటున్నారు. చెంగు నోట్లో కుక్కుకుని గిన్నెలు కడిగి వచ్చేశాను. ఆ పూట దేవుడికి కృతజ్ఞత ఎలా చెప్పుకున్నానో నాకే తెలియదు.

ఆ సాయంత్రం తెర కట్టలేదు. కట్టమని మా ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు. మసీదులో సాయంత్రం నమాజుకు అసర్ బాంగు అయిన కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. ఆవిడే. వెనక చుట్టచుట్టిన తెల్ల తెర భుజాన వేసుకుని రాజన్న. ఎవరినీ అడక్కుండా ట్యాంకు పైపుకొక మూల, బట్టల తీగకొక మూల, కిటికీ ఊచలకు మిగతా రెండు మూలలూ కట్టేశారు.

"అన్నా, పెండ్లి పందిరి లెక్కనే ఉన్నది. పెండ్లికొడుకు లోపటికి రావాలె," అన్నాడు రాజన్న. గదుల్లోని వాళ్ళంతా పైకొచ్చి నిలబడ్డారు. మా ఆయన సిగ్గుతో, జ్వరంతో లోపలికి దూరాడు.

ఆవిడ వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. ఒక పెయింటు డబ్బా బోర్లించుకుని తెరకు బయట, ట్యాంకు పక్కన కూర్చున్నారు. ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకుని కాళ్ళు చాపారు. నోట్లో ఒక సన్నని గొట్టం. కాలి మీద దోమ వాలడం, కుట్టేలోగా గొట్టంతో పీల్చి సీసాలో వేయడం. కొన్నిసార్లు ఆవిడ ఆలస్యమయ్యేవారు, దోమే గెలిచేది.

"అమ్మా, ఈ దోమలు ఇప్పటికే ఆయన్ని కుట్టి ఉంటే? మీకు రాదా?"

"రావచ్చు. మాత్ర వేసుకున్నాను."

"వేసుకుంటే రాదా?"

"చాలామందికి రాదు."

"మరెందుకమ్మా ఇక్కడే కూర్చోడం?"

"ఇక్కడ ఏ దోమ తిరుగుతోందో తెలియాలి." అంతే. ఆ మాటలో మేము లేము. మళ్ళీ చూస్తే, కూర్చున్న చోటు సరిగ్గా మా ఆయన తలవైపు. ట్యాంకు నుంచి వచ్చే ప్రతి దోమకూ ముందు తగిలేది ఆవిడ కాలే. కావాలని అక్కడ కూర్చున్నారా, గాలి అటు ఉందని కూర్చున్నారా?

మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. వణుకు వచ్చిన రోజు, రాని రోజు అని చూడలేదు. ఆసుపత్రి మాట మళ్ళీ ఎత్తలేదు. కాళ్ళ నిండా దద్దుర్లు.

మా ఆయన తెరలో పడుకుని పైకి చూస్తూ ఉండేవాడు. మూడో సాయంత్రం నన్ను పిలిచాడు.

"ఒలే. ఆయమ్మని ఎల్లిపోమను."

"నాను సెప్పితే ఎల్తారేటండి?"

"మా అమ్మ వయసు మనిసి. నా రోగానికి అలగ కాళ్ళు సాపి కూకుంటే నాను లోన పడుకోడమేటే? సిగ్గుతో సచ్చిపోతన్నాను." అని ఒక్కసారిగా తెర ఎత్తి లేవబోయాడు.

"బావా! లోపల!" అని ఆవిడ అరిచారు.

మేడ మీద ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. "అన్నా, గిప్పుడు నీ వంతు," అని రాజన్న చప్పట్లు కొట్టాడు. మా ఆయన నవ్వలేదు. తెర దించుకుని చాప మీద కూర్చుని, లోపలి నుంచే, "రాజన్నా, బండి తియ్. ఆసుపత్రికెల్తాను. టికెట్టిత్తే ఇయ్యనీ. ముందు ఆయమ్మని లేవమను," అన్నాడు.

ఆవిడ గొట్టం నోట్లోంచి తీసి, మూతి తుడుచుకుని లేచారు. గెలిచినట్టూ లేరు, సంతోషించినట్టూ లేరు. సీసా మూత సరి చూసుకున్నారు.

రక్తం తీశారు. మలేరియానే. మాత్రలిచ్చారు. ఎవరూ టికెట్టు చేతిలో పెట్టలేదు. షెడ్డులో మేస్త్రీ సణిగి, సణిగి ఊరుకున్నాడు. తరవాత ఆరోగ్య శాఖ వాళ్ళు వచ్చి ట్యాంకు కడిగించి మూత బిగించారు, బిల్డింగులో అందరికీ రక్త పరీక్ష చేశారు. ఇంకెవరికీ లేదు.

మా ఆయన ఒంట్లో సత్తువ తిరిగి వచ్చాక పొంగలి వండుకుని రిఫా వెళ్ళాను. ఆవిడ అద్దం మీద వంగి ఉన్నారు. మా మేడ మీద పట్టిన దోమలన్నిటినీ చూడటం అప్పుడే అయిందట.

"ఏమీ లేదు," అన్నారు. "ఒక్కదానిలోనూ లేదు."

"మంచిదే కదమ్మా?"

"మంచిదే." కాని ఆ ముఖం మంచి కబురు చెప్పే ముఖంలా లేదు. అద్దం మీద గుడ్డ కప్పారు, మళ్ళీ తీశారు, మళ్ళీ కప్పారు. దొరికి ఉంటే అది ఆవిడ చదువుకు పెద్ద సంగతి అయి ఉండేదేమో. దొరకనందుకు మాకోసం ఊపిరి పీల్చుకుంటున్నారేమో. పొంగలి గిన్నె చేతికిచ్చి, "మీరు మా గురించి అంత కష్టపడ్డారు, మీ రుణం..." అని మొదలుపెట్టాను.

"నేను దోమల కోసం వచ్చాను," అన్నారు.

నేను తల వంచుకున్నాను. ఆవిడ పొంగలి ఒక ముద్ద తిని, రెండో ముద్ద చేతిలో పట్టుకుని కిటికీ వైపు చూస్తూ, "మొదటి రోజు అంతే," అన్నారు. తరవాతి రోజుల సంగతి ఏమంటారా అని నిలబడ్డాను. రెండో ముద్ద తిన్నారు. మూడోదీ తిన్నారు. గిన్నె ఖాళీ చేసి కడిగి నా చేతికిచ్చారు. ఆ వేసవిలోనే తన దీవికి వెళ్ళిపోయారు.

ఆవిడ పోయిన కబురు తెలిసిన సాయంత్రం, మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే చెప్పాను. ఒక బూటు కాలికి ఉండగానే అలా కూర్చుండిపోయాడు.

"ఆయమ్మకి ఎవురున్నారే?"

"తెలీదండి. ఎప్పుడూ అడగలేదు."

"ఏటని దండమెట్టుకోవాల?"

"అదీ తెలీదు."

స్నానం చేసి వచ్చి, "సరే, దీపమైతే ఎట్టేద్దాం. ఆయమ్మ దేశం ఎటేపు?" అన్నాడు. రాజన్నను పిలిస్తే ఫోనులో పటం తీసి అటూ ఇటూ తిప్పి, ఖాడీ మీదుగా దక్షిణం వైపు చెయ్యి చాపాడు. "గిటు. సముద్రం దాటి, ఇంక సముద్రమే."

నేను తటపటాయించాను. దక్షిణం ముఖంగా ఇంట్లో దీపం పెట్టం. అలా పెట్టేది పోయినవారికే. ఆవిడ పోయినవారే కదా, పెట్టవచ్చు. మరి నేను పెట్టాలనుకుంటున్నది ఆవిడ చావు వైపా, ఆవిడ ఊరి వైపా? రెండూ ఒకే దిక్కున ఉంటే దేవుడు దీన్ని ఎలా అందుకుంటాడు? వత్తి చేతిలో పట్టుకుని నేనింకా ఆలోచిస్తుండగానే మా ఆయన నా చేతిలోంచి దాన్ని తీసుకుని, నూనెలో తడిపి, అగ్గిపుల్ల గీశాడు. మేడ మీద గాలి ఉంది. దీపం ఆరకుండా వెల్డింగు మరకల చేతులు రెండూ దాని చుట్టూ అడ్డం పెట్టుకుని, ఆ దిక్కుకే తిరిగి కూర్చున్నాడు.